గంట ప్రయాణమేగా!

హైదరాబాద్ నుంచి విజయవాడకి ఫ్లైట్‌లో ఎంతసేపు అని ఫోన్‌ని అడగండి. గంట అంటుంది. ఆ గంటని నమ్మి మా అమ్మకి అన్యాయం చేశాను. అందుకే ఇది రాస్తున్నా. (చదివిందంతా ఇంగ్లీష్ మీడియమే, తప్పులుంటే సర్దుకుపోండి.)

మా ఇల్లు చంపాపేట్‌లో. పోయిన ఏడాది ఒకరోజు పొద్దున్నే విజయవాడ నుంచి ఫోన్. అమ్మమ్మ రాత్రి బాత్రూంలో జారిపడిందట. తుంటి ఎముక విరిగింది, మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్. "ఎల్బీనగర్ వెళ్లి, ఏ బస్సు దొరికితే అది ఎక్కేద్దాం" అన్నారు నాన్న. నేను వినలేదు. "శంషాబాద్ నుంచి గన్నవరం గంటేగా!" అని అమ్మకీ నాకూ టికెట్లు బుక్ చేశా. మూడో టికెట్ రేటు చూసి నాన్న బస్సుకే బయల్దేరారు.

అందరం ఇంట్లోంచి తొమ్మిదింటికే కదిలాం. నాన్న రెండుంబావుకల్లా హాస్పిటల్లో ఉన్నారు. మేం వెళ్లేసరికి మూడుంబావు. అమ్మమ్మని అప్పటికే థియేటర్‌లోకి తీసుకెళ్లిపోయారు. లోపలికి వెళ్లేముందు "అమ్మాయేదీ?" అని రెండుసార్లు అడిగిందట. పక్కన అల్లుడున్నాడు, కూతురు లేదు. అమ్మ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత కూర్చుని లెక్క వేశా. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశాలు, రేఖాంశాలు హావర్‌సైన్ ఫార్ములాలో వేస్తే దూరం సుమారు 264 కిలోమీటర్లు. ఎల్బీనగర్ నుంచి విజయవాడకి రోడ్డు మీద కూడా ఇంచుమించు అంతే! గంటకి 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ విమానానికి అది అరగంట పని. మరి మాకు ఆరుగంటలు ఎందుకు పట్టింది?

మ్యాప్ చూడండి. విజయవాడ మాకు తూర్పున ఉంది, శంషాబాద్ నైరుతిన. అంటే చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ ట్రాఫిక్‌లో పడి ముందు వెనక్కి వెళ్లాం. అటు గన్నవరమేమో విజయవాడ దాటాక ఎక్కడో ఇరవై కిలోమీటర్ల దూరంలో. అక్కడ్నించి మళ్లీ వెనక్కి రావాలి. మధ్యలో చెక్-ఇన్, సెక్యూరిటీ, అరగంట లేటు, లగేజీ. బస్సుకి ఇవేవీ లేవు. ఎల్బీనగర్ మాకు మూడు నాలుగు కిలోమీటర్లు, హైవే అక్కడే మొదలు.

మనం డైక్‌స్ట్రా అల్గారిథమ్ చదివినవాళ్లం. దారిలో ఉన్న ప్రతి ఎడ్జ్ బరువూ కలపాలని పరీక్షలో రాస్తాం. జీవితంలో మాత్రం అన్నిటికంటే అందంగా కనిపించే ఒక్క ఎడ్జ్ చూసి టికెట్ కొనేస్తాం.

విమానం వేస్ట్ అనట్లేదు. ఢిల్లీకైతే అదే కరెక్ట్. కానీ ఊళ్ల మధ్య దూరం ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి కాదు, గుమ్మం నుంచి గుమ్మానికి కొలవాలి. కొత్త ఫ్లైట్ వేశామని చెప్పుకునేవాళ్లు ఆ గుమ్మాల సంగతి కూడా చెప్పాలి. నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్‌కి మెట్రో ప్రతిపాదన ఉంది. మా వైపు వాళ్లకి ఇంకో పది ఫ్లైట్ల కంటే ఆ లైనే ముఖ్యం. అది వచ్చినా, విజయవాడకి మాత్రం నేను బస్సే ఎక్కుతా.

అమ్మమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. నేను ఫోన్ చేస్తే మొదటి మాట ఒకటే: "ఏరా, విమానం దిగావా?"