వాడుక భాష... వాడుకరి భాష

కంప్యూటర్లో ‘ఫైల్’ అన్న మాటను తెలుగులో ఏమనాలి? ఫైలు అంటే సరిపోదా? దస్త్రం అనాలా? వినడానికి చిన్న విషయమే. కానీ పగలు ఉద్యోగాలు చేసుకుని, రాత్రిళ్లు ఇలాంటి ఒక్కో మాట గురించీ తర్జనభర్జన పడేవాళ్లున్నారు. వాళ్లకు జీతం లేదు, పేరు కూడా పెద్దగా రాదు. ఉన్నదల్లా సరదా.

నిజానికి ఈ పేచీ కొత్తది కాదు. నూరేళ్ల కిందట ఉత్తరాంధ్రలో రాజుకున్నదే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు... ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. నోట్లో మాట ఒకటి, బడి పుస్తకంలో మాట ఇంకొకటి అయితే పిల్లాడికి చదువెలా ఒంటబడుతుందన్నది వాళ్ల ప్రశ్న. పండితులు ససేమిరా అన్నారు. చివరికి నెగ్గింది వాడుక భాషే. గిడుగు పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

ఇప్పుడు అదే ప్రశ్న పుస్తకం దాటి తెరమీదికి వచ్చింది.

1991 ఆగస్టులో హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ఇంటర్నెట్లో తోటివాళ్లకు చెప్పాడు. అదే లినక్స్. దాని గొప్పంతా ఒక్క సంగతిలో ఉంది. లోపలి రాతను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచొచ్చు. అలా తలో చెయ్యీ వేసిన ఫలితమే ఈ రోజు ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడుస్తోంది. 2022లో వచ్చిన ‘స్టీమ్ డెక్’ అనే చేతిలో పట్టుకుని ఆడే ఆటల యంత్రం కూడా దానిమీదే నడుస్తుంది.

చిత్రమేమిటంటే, ప్రపంచంలోని లిపులన్నింటికీ కంప్యూటర్లో ఒకే పద్ధతిలో సంఖ్యలు కేటాయించే యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చిందీ 1991లోనే. తెలుగుకు అందులో చోటు దక్కింది. అయినా చాలా ఏళ్లపాటు మన పత్రికలు తలో ఫాంటూ పట్టుకున్నాయి. ఒకరి ఫాంటు లేకపోతే వాళ్ల వార్తలు అర్థంకాని గీతలే. ఆ గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చే ‘పద్మ’ను వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థుల్ని కూడగట్టి లినక్స్‌కు తెలుగు నేర్పింది.

మాటల పంచాయితీ మొదలైంది అక్కడే. వికీపీడియాలో ‘యూజర్’ను మొదట ‘సభ్యుడు’ అన్నారు. రాసేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు కదా! తర్వాత ‘వాడుకరి’ వచ్చింది. నేర్పరి, చూపరి లాంటి చక్కని తెలుగు మాట. ఆడామగా ఇద్దరికీ సరిపోతుంది. గిడుగు కోరిన ‘వాడుక’ కూడా అందులోనే ఉంది. ‘బొమ్మ’ అన్నచోట ‘దస్త్రం’ వచ్చింది. బొమ్మలతో పాటు పాటలూ, వీడియోలూ అక్కడే చేరతాయి కనక.

దస్త్రం మాత్రం అందరికీ మింగుడుపడలేదు. ఆఫీసుకెళ్లే నాన్న ఫైలు అనే అంటాడు, తాసిల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే తాతయ్యా ఫైలనే అంటాడు. జనం నోట్లో నలిగిన ఇంగ్లీషు మాటను తోసేసి నిఘంటువులోంచి ఇంకోటి తెస్తే, అది కొత్త గ్రాంథికం కాదా? ‘ఈ తెలుగు కంటే ఇంగ్లీషే నయం’ అని ఇళ్లలో విసుక్కునేది ఇందుకే. ఆ విసుగులో న్యాయముంది. అయితే తెలుగు వద్దనుకోవడం దానికి మందు కాదు, నచ్చని మాటను మార్చుకోవడమే. డబ్బుపెట్టి కొన్న సాఫ్ట్‌వేర్లో ఆ వీలు లేదు. కంపెనీ ఏ మాట పెడితే అదే. అందరి సొత్తయిన సాఫ్ట్‌వేర్లో వీలుంది.

పిల్లల ఆటలనే చూడండి. బిల్ కెండ్రిక్ 2002లో విడుదల చేసిన ‘టక్స్ పెయింట్’ చిన్నపిల్లలు ఆడుకుంటూ బొమ్మలు వేసుకునే ఉచిత ప్రోగ్రాం. దానికి తెలుగు అనువాదం ఉంది. ఆ అనువాదమంతా మామూలు అక్షరాల ఫైలు. ఒక వరుసలో ఇంగ్లీషు మాట, దాని కింద తెలుగు మాట. ప్రోగ్రాములు రాయడం రానక్కర్లేదు. పదో తరగతి పిల్ల కూడా అమ్మమ్మను అడిగి ‘బ్రష్’ దగ్గర ‘కుంచె’ బాగుందా, బ్రష్షే ఉంచాలా అని తేల్చి పంపొచ్చు. అస్తమానం ఆటలేనా అని కసురుకునే పెద్దలు, ఆటలో కనిపించే మాటల్ని తెలుగు చెయ్యమని ఒకసారి పురమాయించి చూడొచ్చు.

ఇందులో ఒక చిక్కూ ఉంది. ఎవరు కూర్చుని రాస్తే వాళ్ల మాటే తెరమీద నిలుస్తుంది. రాసేవాళ్లంతా నగరాల్లోనే ఉంటే నాగావళి, వంశధారల ఒడ్డున పలికే మాటకు చోటెక్కడ?

అంతకంటే వెనకబడ్డ భాష అదే కొండల్లో ఉంది. గిడుగు తెలుగు కోసమే కాదు, సవర భాష కోసమూ పాటుపడ్డారు. దాన్ని నేర్చుకుని 1931లో వ్యాకరణం ప్రచురించారు. 1936లో మంగెయ్ గొమాంగో సవరకు సొంత లిపి కల్పించారు. దానికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మన రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర పిల్లల పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. అంటే కంప్యూటర్లో సవర రాయడానికి ఒకటి కాదు, రెండు లిపులు సిద్ధంగా ఉన్నాయి. అడ్డంకి యంత్రంలో లేదు.

గిడుగు సవర నేర్చుకున్నది సవరల దగ్గరే. సీతంపేట కొండల్లో ఒక సవర టీచరు, కంప్యూటర్ తెలిసిన ఒక కాలేజీ కుర్రాడు సెలవుల్లో పక్కపక్కన కూర్చుంటే ఒక చిన్న ఆటలోని మాటలన్నీ సవరలోకి వచ్చేస్తాయి. అవి సరిగ్గా కుదిరాయో లేదో చెప్పాల్సింది మాత్రం ఆ ఆట ఆడే పిల్లలే.