పాకుడు పట్టిన తొట్టె – మందు కన్న మితమే మేలు

పట్టిసీమ రేవులో కాలు పెట్టిన వారికి పాకుడు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నడిగోదావరిలో దేవకూట పర్వతం మీద వెలసిన వీరేశ్వరస్వామిని సేవించుటకు మహాశివరాత్రి నాడు వచ్చే యాత్రికులు తడిసిన మెట్ల మీద ఆచితూచి అడుగు వేస్తారు. మనం పాకుడు అనే దానిని మన కళాశాల ఉర్దూ విభాగపు మిత్రులు ‘కాయీ’ అంటారు. ఏ భాషలో పిలిచినా దాని జారుడు గుణం ఒక్కటే. వరదకాలపు పారే నీటిలో కానరాని ఆ పాకుడు, వేసవిలో ఇసుకతిన్నెల నడుమ నిలిచిన మడుగులలో తెట్టెలుగా పేరుకొంటుంది. నది కన్నుల ముందు చూపుతున్న ఈ పాఠాన్ని మేము ఒక గాజుతొట్టె వద్ద, అదియును ఆలస్యంగా, నేర్చుకొన్నాము.

మాలో ఒకరి ఇంట 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేసుకొన్నాము. సముద్రం ఇక్కడికి దూరం గనుక, బోరు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలిపాము. ఇసుక, రాళ్ళు, రెండు క్లౌన్ చేపలు – ఇంతే మా సముద్రం. రాతి పగడాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ ఉన్నది గనుక వాటి జోలికి పోలేదు. మూడవ నెలలో ఇసుక మీద ముదురు ఎరుపు రంగు జిగట పొర పరచుకొన్నది. చేతితో తీస్తే దుప్పటి వలె ఊడివచ్చేది. మూడు దినాలలో మరల యథాస్థానానికి చేరేది.

ఎవరో చెప్పిన మాట నమ్మి ఎరిత్రోమైసిన్ మాత్రలు పొడి చేసి నీట కలిపాము. రెండు దినాలలో పాకుడు మాయమైనది. మేము సంతోషించాము. మూడవ నాటి తెల్లవారుజామున చేపలు నీటి పైకి తేలి నోళ్ళు తెరచి కొట్టుకొంటున్నవి. ఒకటి మా కన్నుల ఎదుటనే చనిపోయినది. మూడు వారాలకు పాకుడు మరల వచ్చినది. చేప మాత్రం రాలేదు. ఇంట్లో ఎలుకలున్నవని ఇల్లు తగలబెట్టుకొన్నట్లయినది మా పని.

అటుపిమ్మట పుస్తకాలు తిరగవేయగా మా అజ్ఞానం బోధపడినది. ఈ జిగట పొర నిజమైన నాచు కాదు. సయనోబాక్టీరియా అనబడే సూక్ష్మజీవుల సమూహం. మన పాఠ్యపుస్తకాలు చిరకాలం వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలని పిలిచినవి. ఇవి తక్కువ జాతివి కావు. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం భూమి వాతావరణంలో ప్రాణవాయువు చేరుటకు వీటి పూర్వీకులే కారణం. వరిచేలలో ఇవి గాలిలోని నత్రజనిని స్థిరీకరించి పైరుకు మేలు చేయునని భారతీయ శాస్త్రజ్ఞుడు పి. కె. డే 1939లో నిరూపించారు. చేలో మిత్రుడైనది తొట్టెలో శత్రువగుట దాని దోషమా? కాదు. దానికి కావలసిన విందును అక్కడ సిద్ధపరచినది మేము.

ఆ విందులో ముఖ్యమైనది భాస్వరం. 1973లో కెనడా శాస్త్రజ్ఞులు 226వ సంఖ్య గల ఒక సరస్సును అడ్డుతెరతో రెండు భాగాలు చేశారు. ఒకవైపు నత్రజని, కర్బనం మాత్రమే కలిపారు. రెండవవైపు వాటితోపాటు భాస్వరం కూడ కలిపారు. భాస్వరం పడిన వైపు మాత్రమే నీలి ఆకుపచ్చ తెట్టె కట్టినది. మా తొట్టెలో ఆ భాస్వరం ఎక్కడిది? రోజుకు మూడు పర్యాయాలు ముద్దుగా వేసిన మేతలో, అడుగున కుళ్ళిన దాని శేషంలో, శుద్ధి చేయని నీటిలో. దానికి తోడు దినమునకు పదునాలుగు గంటల దీపం, మూలలలో కదలని నీరు. చచ్చిన పాకుడు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును. మందు పాకుడునే గాక, తొట్టెలోని మలినాలను శుద్ధిచేసే మేలు సూక్ష్మజీవులను సైతం దెబ్బతీయవచ్చును.

అప్పుడు మందు మాని మితాన్ని ఆశ్రయించాము. మేత రోజుకు ఒక్కసారి, చేపలు రెండు నిమిషాలలో తినగలిగినంత. పాకుడును సన్నని గొట్టంతో నీటితోసహా పీల్చివేసి, వారానికి పదవ వంతు నీరు మార్చుట. ఆర్.ఓ. యంత్రంలో శుద్ధి చేసిన నీటిలోనే ఉప్పు కలుపుట. దీపం ఎనిమిది గంటలకు తగ్గించి, నీరు నిలిచే మూలకు చిన్న పంపు త్రిప్పుట. ఆరు వారాలు పట్టినది. మిగిలిన చేప నేటికీ ఈదుతున్నది. ఇసుక తెల్లగా ఉన్నది.

ఇది వినోదమాత్రమైన వ్యవహారం, దీనికింత చర్చ ఎందుకని కొందరు అనవచ్చును. మా అభిప్రాయం వేరు. ఎరిత్రోమైసిన్ మనుష్యుల వ్యాధులకు వాడే మందు. తొట్టెలో కలిపిన మందునీరు కాలువకు, కాలువనుండి గోదావరికి చేరును. మందుకు లొంగని సూక్ష్మజీవులు ఆ విధముగానే బలపడును. దిగువ డెల్టాలో వేలాది కుటుంబాలు చేపల చెరువుల మీద, రొయ్యల చెరువుల మీద బ్రతుకుతున్నవి. యాంటీబయాటిక్ అవశేషాలు కనబడిన రొయ్యల సరుకును విదేశాలు తిప్పిపంపిన సందర్భాలు కలవు. అధికమైన మేత, పాడైన నీరు, తొందరపడి వేసిన మందు – మా తొట్టెలో జరిగిన తప్పు చెరువులో జరిగితే చనిపోయేది ఒక్క చేప కాదు, ఒక రైతు సంవత్సరపు ఆశ. ఆ చెరువుల మీద రేపు పనిచేయవలసినవారు నేటి మన విద్యార్థులే.

కావున కళాశాల కమిటీ వారికి మా మనవి యిది: ప్రయోగశాలలో అక్వేరియం ఏర్పాటు చేయదలచినచో, మందుల సీసాలకు బదులు నైట్రేటు, ఫాస్ఫేటు పరీక్షించే సామగ్రి కొనవలెను. వేసిన మేత, మార్చిన నీరు, వెలిగించిన దీపపు గంటలు వ్రాసియుంచుటకు ఒక పుస్తకం తొట్టె ప్రక్కనే ఉంచవలెను. ఉపాధ్యాయుల అనుమతి లేనిదే ఏ మందును నీట కలుపరాదు. తోటి విద్యార్థులకు మా మనవి మరింత చిన్నది: పాకుడు కనిపించినప్పుడు ముందుగా చేయి మందు వైపు కాక, మేత డబ్బా వైపు చాచి, దాని మూత బిగించండి.