రంగం పోయినవాళ్ళ మనవలం

పోయిన ఆదివారం మా ఊళ్ళో పెళ్ళి. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మా పెదనాన్న కొడుకు అన్నాడు: "హైదరాబాద్‌లో బాలాపూర్ దగ్గరున్న ఆ రోహింగ్యాలని ముందు వాళ్ళ దేశానికి తోలెయ్యాలి తమ్ముడూ." అన్నయ్య చేరగిలబడింది మా తాత రంగం సంపాదనతో నిలబెట్టిన టేకు స్తంభానికి. అప్పుడు నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

రంగం అంటే బర్మాలోని రంగూన్. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి కూలీలు ఓడెక్కి వెళ్ళి అక్కడి రేవులో బస్తాలు మోశారు. మన కోరంగి రేవు పేరు మీద 'కోరంగీ'లన్నారు, అదే తిట్టయింది. 1930 మేలో కూలి పెంచమని మనవాళ్ళు సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీల్ని దింపాయి. సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నాయి. పేదలూ పేదలూ కొట్టుకున్నారు. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. 1942లో జపాన్ దాడికి లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చారు. 1964లో బర్మా సైనిక పాలకుడు నే విన్ సర్కారు దుకాణాలు లాక్కుంటే మిగిలినవాళ్ళలో ఎందరో కట్టుబట్టలతో ఓడెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు ఉన్నది అందుకే.

ఆ నే విన్ హయాంలోనే 1982లో పౌరసత్వ చట్టం వచ్చింది. 1823కు ముందు నుంచీ ఉన్నట్టు సర్కారు ఒప్పుకున్న జాతులకే పూర్తి హక్కు. బర్మాలోని రోహింగ్యాలు ఆ గీతకు అవతల పడ్డారు. 2017లో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఏ దేశానికి తోలుతాం అన్నయ్యా? మీరు మావాళ్ళు కాదన్నది ఆ దేశమే. మనమా, 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. అనుమానమున్నవాణ్ణి విచారించండి, తప్పు చేసినవాణ్ణి శిక్షించండి. బాలాపూర్ గుడిసెలో పుట్టిన పసిగుడ్డు చేసిన నేరమేమిటి?

నిజానికి నా కోపం అన్నయ్య మీద కాదు, మన బడి పుస్తకాల మీద. రంగం గురించి నేనొక్క పాఠమూ చదువుకోలేదు, నా పిల్లలూ చదవలేదు. వాళ్ళకు కోరంగి అంటే మడ అడవులు, పడవ షికారు. 1839 తుపాను ఆ ఊరిని ఊడ్చేసిందని ఎవరు చెప్పారు? రంగం ఉత్తరాలు ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. నడిచొచ్చినవాళ్ళలో ఇంకా ఎవరైనా మిగిలుంటే తొంభైకి అటూఇటూ ఉంటారు. యూనివర్సిటీలు వాళ్ళ ఇళ్ళకు రికార్డర్ పట్టుకుని ఈ ఏడే వెళ్ళాలి. అలా నడిచొచ్చిన మా నాయనమ్మను మేమెవరమూ సరిగ్గా అడగలేదు. ఆ దారిలో చంటిబిడ్డను పూడ్చిందని మాత్రం తెలుసు. ఏ కొండ కిందో తెలియదు.