చెయ్యిని కాపాడే పని



మిలియన్ డాలర్ ఆర్మ్ అనే సినిమా 2014లో వచ్చింది. మీలో కొందరు పిల్లలతో కూర్చుని చూసే ఉంటారు. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన రింకు సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ విసిరే కుర్రాళ్లు ఒక పోటీలో నెగ్గి, అమెరికా వెళ్లి బేస్‌బాల్ నేర్చుకుని, 2008 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్న కథ అది. నిజంగా జరిగిందే. సినిమాలో కథానాయకుడు మాత్రం వాళ్లను తీసుకెళ్లిన ఏజెంటు. నన్నడిగితే ఆ గౌరవంలో సగమైనా వాళ్లకు బంతి విసరడం నేర్పిన గురువుకు దక్కాలి. ఆయన పేరు టామ్ హౌస్. అప్పట్లో లాస్ ఏంజిలస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టుకు పిచింగ్ కోచ్.

పిచింగ్ కోచ్ అంటే మన క్రికెట్‌లో బౌలింగ్ కోచ్ లాంటివాడు అనుకోండి. కానీ విసిరే తీరులో తేడా పెద్దది. క్రికెట్‌లో వంగిన మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాచుకుంటే తప్పు. బేస్‌బాల్‌లో మోచెయ్యి వంచే విసురుతారు. పరుగెత్తుకు రావడం ఉండదు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, ఒక్క పెద్ద అడుగు ముందుకు వేసి, 60 అడుగుల 6 అంగుళాల అవతలికి బంతిని పంపాలి. ఆ ఒత్తిడిలో ఎక్కువ భాగం మోచేతి లోపలి వైపున్న ఒక చిన్న లిగమెంటు మీద పడుతుంది. ఒకప్పుడు అది తెగితే పిచ్చర్ ఆట ముగిసినట్టే. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు, టామీ జాన్ అనే ఆటగాడికి రెండో చేతి నుంచి టెండన్ తీసి అక్కడ కట్టాడు. జాన్ 1976లో మళ్లీ బరిలోకి దిగి ఆ తర్వాత 164 ఆటలు గెలిచాడు. ఆ ఆపరేషన్‌కి ఇప్పటికీ ఆయన పేరే.

అందుకే ఈ కోచ్ పని బంతి వేగం పెంచడం ఒక్కటే కాదంటాను. పరాయి తల్లి కన్న బిడ్డ చెయ్యి ఆయన చేతిలో ఉంటుంది.

హౌస్ జీవితం చూడండి. 1971 నుంచి 1978 వరకు పెద్ద లీగ్‌లో ఆడాడు, మరీ గొప్పగా ఏమీ కాదు. 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు, బంతి వెళ్లి కంచె వెనక నిలబడ్డ హౌస్ చేతిలో పడింది. ఆయన దాన్ని పట్టుకుని పరుగున వెళ్లి ఆరన్‌కి ఇచ్చాడు. ఆటగాడిగా జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్కదానికే, అదీ ఇంకొకరి ఘనతే. తర్వాత మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. 1985 నుంచి 1992 వరకు టెక్సస్ రేంజర్స్‌లో పిచ్చర్లకు నేర్పాడు. వాళ్లచేత అమెరికన్ ఫుట్‌బాల్ విసిరించేవాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన దగ్గర సాధన చేసిన నోలన్ రయాన్ 1991లో, 44 ఏళ్ల వయసులో, ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు. అలాంటిది అతనికి ఏడోసారి!

కుర్రతనంలో తాను స్టెరాయిడ్లు వాడానని 2005లో హౌస్ స్వయంగా చెప్పాడు. దానివల్ల పెరిగిన బరువే తన మోకాళ్లకు పలుమార్లు ఆపరేషన్లు తెచ్చిందన్నాడు. శరీరాన్ని తొందరపెడితే ఏమవుతుందో ఒంటి మీద తెలిసిన మనిషి అన్నమాట.

అయినా రింకు, దినేశ్‌ల విషయంలో ఆయనకు దొరికింది నెలలే. ఏళ్లు పట్టే పని అది. దినేశ్ 2010లో జట్టు వదిలి తిరిగొచ్చాడు. రింకు మరికొన్నేళ్లు చిన్న లీగుల్లో ఆడి, గాయాలతో, మోచేతి ఆపరేషన్‌తో ఆగిపోయి, 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలోకి వెళ్లాడు. మంచి గురువున్నా తొందర తొందరే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది కాలేజీ ఆట. 19 నుంచి 22 ఏళ్లవాళ్లు ఒక రోజులో 120 బంతులు దాటొద్దని బేస్‌బాల్ పెద్దలు సలహా ఇస్తున్నారు. అది సలహా మాత్రమే. కాలేజీ పోటీలు నడిపే ఎన్‌సీఏఏ నియమాల్లో అలాంటి హద్దు లేదు. 2009 మే 30న ఆస్టిన్‌లో టెక్సస్, బోస్టన్ కాలేజీల మధ్య ఆట 25 ఇన్నింగ్స్ సాగింది. మధ్యలో దిగిన టెక్సస్ విద్యార్థి ఆస్టిన్ వుడ్ 13 ఇన్నింగ్స్‌లో 169 బంతులు విసిరాడు, ఒక్క పరుగూ ఇవ్వలేదు. జట్టు గెలిచింది, అందరూ మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేను. అతని వీరత్వాన్ని కాదనను, కానీ ఆ వయసు కుర్రాడు నలభై వేలమంది అరుస్తున్నా నలుగురే చూస్తున్నా తనంతట తాను చాలనడు. హెడ్ కోచ్‌కి ఆ రాత్రి గెలుపు కావాలి. మధ్యలో నిలబడి "బంతి ఇచ్చెయ్యి నాయనా" అనాల్సింది పిచింగ్ కోచ్, ఆయన ఉద్యోగమేమో ఆ హెడ్ కోచ్ చేతిలో ఉంటుంది. అంత భారం ఒక్క మనిషి ధైర్యం మీద వదిలెయ్యడం న్యాయం కాదు. ఎన్‌సీఏఏ ఆ సంఖ్యను నియమంగా రాసిపెడితే, ఓడిపోయిన రాత్రి కూడా ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.