విత్తనం సంచికి ఉన్న నిజాయితీ

కడప ఏడురోడ్ల కూడలిలోనైనా, కర్నూలు రాజ్‌విహార్ దగ్గరైనా పదిహేను వేలు పట్టుకుని ఫోను కొనబోయిన మనిషికి మొదట వినిపించేది ఒక అంకె. "ఇది 6 సిరీస్, అది 7 సిరీస్" అంటాడు దుకాణదారు. పెద్ద అంకె మేలని మనం తలూపుతాం.

నిజానికి మన సీమ రైతుకు అంకెలు కొత్త కావు. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 వరి కె.సి. కాలువ కింద పండి కర్నూలు సోనాగా అమ్ముడుపోవడం ఆయనెరిగినదే. వేరుశనగలో కదిరి 6 అన్నా, టీఎంవీ 2 అన్నా ఏది ఏ నేలకో చెప్పగలడు. 5204 కన్నా 5205 గొప్పదని ఆయన ఎన్నడూ అనుకోడు. ప్రాసెసర్ల పేర్లను కూడా అలాగే చదవాలని నా అభిప్రాయం.

మచ్చుకు, మీడియాటెక్ వారి డైమెన్సిటీ 1080 చిప్పు 2022లో వచ్చింది. మరుసటి ఏడాది దాదాపు అదే చిప్పు 7050 అయింది. పాత సరుకుకు కొత్త సంచి! క్వాల్‌కామ్ వారిదీ అదే తంతు. 2023 మార్చిలో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 7 ప్లస్ జెన్ 2, అదే నవంబరులో వచ్చిన 7 జెన్ 3 కన్నా బలమైనది. 7ఎస్ జెన్ 2 ఈ రెంటికన్నా బాగా వెనక. 2021 నాటి స్నాప్‌డ్రాగన్ 480కి 5జీ ఉంది, 2023 నాటి 685కు లేదు.

ఇక "ఎనిమిది కోర్లు" అన్న మాట. 2020లో వచ్చిన హీలియో జీ35లో ఎనిమిదీ కార్టెక్స్ ఏ53లే. ఆ కోరు 2012లో ప్రకటించినది. కాడికి ఎనిమిది లేగదూడల్ని కట్టినట్టు. పైన చెప్పిన 7050లో పెద్ద ఏ78 కోర్లు రెండే, తక్కిన ఆరూ చిన్నవి. అయినా బరువైన పనిలో దానికీ దీనికీ పోలికే లేదు.

మన ఎండ సంగతి వేరే చెప్పాలా? వేడెక్కిన చిప్పు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 12 నానోమీటర్ల పాత చిప్పు అదే పనికి 4 నానోమీటర్ల దానికన్నా ఎక్కువ కరెంటు తాగి ఎక్కువ కాగుతుంది. మే నెల 43 డిగ్రీల్లో ఆ తేడా చేతికే తెలుస్తుంది. శనక్కాయలమ్మిన డబ్బులోంచి బిడ్డ చదువుకని తీసిన పదిహేను వేలు నాలుగేళ్లు నిలవాలంటే ఇది చిన్న విషయం కాదు.

ధ్రువీకరించిన విత్తనం సంచికి రకం పేరు, మొలక శాతం, పరీక్షించిన తేదీ ఉన్న చీటీ కడతారు. 1966 నాటి విత్తన చట్టం పుణ్యమది. ఫోను పెట్టె మీద ఫోను తయారైన నెల ఉంటుంది, ధర ఉంటుంది. లోపలి చిప్పు ఏ ఏటిదో ఉండదు. చిప్పు విడుదలైన సంవత్సరం, పెద్ద కోరు పేరు, నానోమీటర్లు, ఈ మూడూ పెట్టె మీద అచ్చువేయాలని చట్టం చేస్తే కంపెనీలకు పోయేదేమీ లేదు, పేరు మార్చి అమ్ముకునే వెసులుబాటు తప్ప. అది జరిగేదాకా డబ్బు కట్టకముందే ప్లస్సూ, ఎస్సూ, జెన్నూ వదలకుండా చిప్పు పూర్తి పేరు కాగితం మీద రాయించుకుని, ఆ మూడు వివరాలూ అంతర్జాలంలో చూసుకోండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.