'థర్డు' అను మాట

ఆంగ్లమున 'థర్డు' అనగా మూడవది యని మన బాలురు తొలి యేటనే వల్లింతురు. ఆ వల్లింపు పరీక్షకు చాలును. వైద్యుని చీటికి చాలదు.

'ఎవ్రీ థర్డు డే' మాత్ర వేసికొనుమని యున్నదనుకొనుడు. సోమవారము వేసికొన్నవాడు మరల నెన్నడు వేసికొనవలెను? ఆంగ్లేయుల లెక్కలో గురువారము. నడుమ రెండు దినములు విడుపు. మన యిండ్లలో నడిగినచో పెక్కుమంది బుధవారమనియే చెప్పుదురు. వారి తర్కమును తీసివేయరాదు. బిడ్డ పుట్టిన దినమును మొదటిదిగా నెంచియే గదా మనవారు పదునొకండవ దినమును లెక్కింతురు!

పాడేరు మన్యమున నెల్లరెఱిగిన చలిజ్వరమును జూడుడు. 48 గంటల కొకసారి తిరుగబెట్టు దానికి ఆంగ్ల వైద్యులు 'టెర్షియన్' అని పేరిడిరి. లాటిను భాషలో ఆ మాటకు మూలము మూడవది యనుటయే. 72 గంటలది 'క్వార్టన్', అనగా నాలుగవది. ఆయుర్వేదమును వీనిని తృతీయకము, చతుర్థకము అనినది. రోమకులును మన పూర్వులును జ్వరము వచ్చిన దినమును గూడ లెక్కలో జేర్చిరి. కావున సోమవారము మొదలైనచో 'టెర్షియన్' బుధవారమును, 'ఎవ్రీ థర్డు డే' గురువారమును సూచించును. ఈ చిక్కు ఆంగ్లేయులకును లేకపోలేదు.

ఉపాధ్యాయులు ఈ వరుస సంఖ్యలను పట్టికగా గాక, పంచాంగము ముందుంచుకొని నేర్పవలెనని నా యభిప్రాయము. 'దినము విడిచి దినము', 'రెండు దినములు విడిచి' అను మన మాటలలో నీ సందేహము లేదు. తలిదండ్రులు మందుచీటిపై వారము పేరునే వ్రాయించుకొనవలెను.