కోరల కన్నా పదునైన మాట

నీలి సాలీడును ముచ్చటపడి కొన్న కొత్త యజమానికి ముందుగా తగిలేది కాటు కాదు, చీవాట్లు

పొద్దున లేచి చూస్తే సాలీడు వెల్లకిలా పడి ఉంది. కాళ్లలో కదలిక లేదు. నెల కిందటే బోలెడు డబ్బు పోసి కొన్న టరాంటులా. కొత్త యజమాని గుండె జారిపోతుంది. చెంచాతో దాన్ని బోర్లా తిప్పి, ఫొటో తీసి, అనుభవజ్ఞులైన పెంపకందార్లకు చూపించి ఏం చేయాలని అడుగుతాడు. సానుభూతి ఆశించిన అతనికి దక్కేవి అక్షింతలు. ‘‘ఈ మాత్రం తెలియకుండా ఎందుకు కొన్నావు?’’ అన్నది వాటిలో కాస్త మర్యాదైన మాట.

బ్రిటన్‌, జర్మనీ, అమెరికాల్లో సాలీళ్లను పెంచేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. చనిపోయే టరాంటులా సాధారణంగా కాళ్లను కడుపు కిందికి ముడుచుకుంటుంది. వెల్లకిలా పడుకుందంటే చాలావరకు కుబుసం విడుస్తున్నట్టే. గంటల తరబడి సాగే ఆ పనిలో దాన్ని కదిపితే మెత్తటి కొత్త చర్మం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఆ సమయంలో ఆహారంగా వదిలిన కీచురాయి సైతం దాన్నే కొరికి చంపగలదు. కనుక మాట దురుసుగా ఉన్నా, అందులోని విషయం నిజమే.

ఆ సాలీడు గుత్తిదైతే కోపం రెట్టింపవుతుంది. లోహపు మెరుపుతో నీలంగా ఉండే పోయెసిలోథెరియా మెటాలికాకు ప్రపంచమంతటా ఉన్న వాడుక పేరు అనంతపురం జిల్లాలోని గుత్తి మీదుగా వచ్చిందే. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడు ఆధారంగా 1899లో పోకాక్‌ అనే శాస్త్రవేత్త ఈ జాతిని వర్ణించారు. కట్టెలతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. ఎందుకంటే ఆ తరువాత వందేళ్లకు, 2001లో అది మళ్లీ కనిపించింది గుత్తిలో కాదు, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో. తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా దాన్ని 2008లో ఐయూసీఎన్‌ గుర్తించింది. చెట్లు నరికివేత ఒక కారణమైతే, పెంపకం కోసం పట్టుకుపోవడం మరో కారణం. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ విధించే సైటిస్‌ రెండో అనుబంధంలో చేర్చారు.

అందుకే తొలి సాలీడుగా దీన్ని కొన్నానని చెప్పుకున్నవారిపై పాతకాపులు విరుచుకుపడతారు. ‘‘ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బాలో పుట్టిందా, అడవిలో పట్టిందా?’’ అన్నది మొదటి ప్రశ్న. ‘‘నీకు దీన్ని చూసుకోవడం వచ్చా?’’ అన్నది రెండోది. రెండూ న్యాయమైనవే. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి కడుపు మీద దురద పుట్టించే నూగు ఉంటుంది. ఆసియా, ఆఫ్రికా జాతులకు అది లేదు. వాటికి తెలిసినవి పరుగు, కాటు. ఈ ప్రజాతి కాట్లపై 2014లో వెలువడిన వైద్య సమీక్ష ప్రకారం సగానికి పైగా కేసుల్లో కండరాలు తీవ్రంగా పట్టేశాయి. ప్రాణం పోకపోయినా, మొదటి రోజుల్లోనే నేర్చుకోవాల్సిన పాఠం మాత్రం కాదది.

అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. చీవాట్లు పెట్టేవారు చెప్పేదంతా వేదం కాదు. నేల మీద బతికే బరువైన జాతిని ఎత్తయిన పెట్టెలో ఉంచితే కింద పడి పొట్ట పగిలి చావొచ్చు. చెట్టు తొర్రల్లో బతికే గుత్తి సాలీడుకు ఎత్తయిన పెట్టే కావాలి. ఒకదానికి ప్రాణం నిలిపే సలహా మరోదానికి ముప్పు. పైగా నీళ్ల గిన్నెలో స్పాంజి పెట్టమని ఒకప్పుడు పెద్దలే చెప్పేవారు. అది క్రిములకు నెలవని తేలాక, ఇప్పుడు పెట్టినవారిని అదే పెద్దలు కడిగేస్తున్నారు. తామూ ఒకనాడు అదే తప్పు చేశామన్నది వారికి గుర్తుండదు.

దురుసుతనానికి మూల్యం చెల్లించేది కూడా సాలీడే. ఒకసారి పరువు పోయిందనుకున్న యజమాని రెండోసారి నోరు విప్పడు. తిండి మానేసిందనో, కాలు ఊడిందనో, పొట్ట ముడుతలు పడుతోందనో అడగకుండా దాచుకుంటాడు. మూగజీవి అరవలేదు, యజమాని అడగలేడు. నీళ్ల గిన్నె నింపితే తీరిపోయే సమస్య చావుతో ముగుస్తుంది.

కాబట్టి నిలదొక్కుకున్న పెంపకందార్లు పాటించే పద్ధతి సూటిగా ఉంటుంది. తాలు చెరిగేసి గింజ ఏరుకోవాలి. ‘బుద్ధిలేదు’ అన్నది తాలు. ‘అడుగున మట్టి చాలదు’ అన్నది గింజ. మొదటిదానికి జవాబు అక్కర్లేదు. రెండోదానికి ‘ఎందుకు, ఎంత ఉండాలి?’ అన్న ఎదురు ప్రశ్న చాలు. తిట్టిన వ్యక్తి దగ్గర సరుకు ఉంటే కారణం చెబుతాడు, లేకపోతే తిట్టే మిగులుతుంది. అడిగేటప్పుడే జాతి పేరు, పరిమాణం, పెట్టె కొలతలు, చివరిసారి ఎప్పుడు తిన్నదీ చెబితే సగం చీవాట్లు తప్పుతాయి. అదే తప్పును ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఎత్తిచూపితే వాదన మాని పెట్టె సరిచేయడం మేలు. దుకాణదారు చెప్పాడన్న సమర్థన ఏ సాలీడునూ బతికించలేదు. ఇక జాతి, ఊరు, ఆడా మగా అంటూ మాట వ్యక్తి మీదికి మళ్లితే అది విమర్శ కాదు. అక్కడి నుంచి లేచి రావడం ఓటమీ కాదు.

ఆడ గుత్తి సాలీడు పదేళ్లకు పైగా బతుకుతుంది. తొలి నెలలో పడ్డ మాటలు మరుపున పడ్డాక కూడా దాని ఆలనాపాలనా మిగిలే ఉంటుంది. ఈలోగా అది ఎన్నోసార్లు వెల్లకిలా పడుకుంటుంది. అప్పటికి యజమాని చెంచా వెతకడు, దీపం తగ్గించి తలుపు దగ్గరగా వేస్తాడు. ఎప్పుడో ఒకరోజు మరో కొత్తవాడు వణికే చేతులతో ఫొటో పట్టుకొస్తాడు. అప్పుడతను ముందు చెప్పాల్సిన మాట ‘‘కదపకండి, బతికే ఉంది’’. మందలింపు, అవసరమైతే, ఆ తరువాత.